లైను తెగినా ఉత్తరం పోకూడదు: ఆఫ్‌లైన్ మెయిల్, న్యూస్‌గ్రూపులతో నా అనుభవం

ఫోను లైనుకు మోడెమ్ తగిలించి ఇంటర్నెట్ వాడిన 1990లలో, లైను కలిసి ఉన్నంతసేపూ బిల్లు పెరుగుతూనే ఉండేది. న్యూస్‌గ్రూప్‌లో, అంటే ఒక్కో విషయం మీద అందరూ పోస్టులు రాసుకునే చర్చా వేదికలో, ఒక మంచి చర్చ చదివి, ఆలోచించి, నాలుగు మాటలు జవాబు రాసేసరికి అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఆ అరగంటలో లైను మీదుగా నిజంగా వచ్చిన సమాచారం మాత్రం కొన్ని సెకన్ల పనే. సెకనుకు 28,800 బిట్ల వేగంతో పనిచేసే మోడెమ్ ఒక సెకనులో సుమారు మూడు కిలోబైట్లు తెస్తుంది. మామూలు పోస్టు ఒకటి రెండు కిలోబైట్లు ఉంటుంది. అంటే మనం చదువుతూ కూర్చున్న కాలమంతా లైను ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీకీ డబ్బు కడుతూ ఉంటాం. లైను కలిసిన కాసేపట్లోనే కావలసినవన్నీ దించుకుని, లైను పెట్టేసి, తీరిగ్గా చదివి, జవాబులు రాసిపెట్టుకుని, మళ్లీ కలిసినప్పుడు పంపడం ఒక్కటే దారి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను ముందు డాస్‌లో, తర్వాత లినక్స్‌లో ఎక్కించి, సరిగా నడిచేలా చేసుకున్న క్రమం ఇక్కడ రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఈ న్యూస్‌గ్రూపులన్నీ ఉండే యూజ్‌నెట్ పుట్టిందే ఇలా. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆ ఆలోచన చేసినప్పుడు యంత్రాలు రోజంతా ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి కావు. ఒక యంత్రం మరో యంత్రానికి ఫోను చేసి, యూనిక్స్ యంత్రాలు ఒకదానికొకటి ఫైళ్లు పంపుకునే యూయూసీపీ ద్వారా పోస్టులు అందించి, లైను పెట్టేసేది. సర్వర్‌తో కలిసి ఉండి పోస్టులను ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకునే ఎన్ఎన్‌టీపీ పద్ధతి 1986లో ఆర్ఎఫ్‌సీ 977గా (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుసలో 977వదిగా) వచ్చింది. కాబట్టి నా గదిలో నేను చేసుకున్నదంతా పాత అలవాటును ఒక చిన్న యంత్రానికి నేర్పడమే.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం పెద్ద కష్టం కాదు. ఫైళ్లు కాపీ చేసి, పేరూ చిరునామా రాసి, సర్వర్ పేరు ఇస్తే అయిపోతుంది. కష్టమంతా చేతులు మారే చోట ఉంది. ఒక ప్రోగ్రామ్ తన దగ్గరున్న ఉత్తరాన్ని ఇంకో ప్రోగ్రామ్‌కు ఇచ్చినప్పుడు తన ప్రతిని ఎప్పుడు చెరపాలి? అవతలివాడు అందుకున్నానని చెప్పకముందే చెరిపితే ఉత్తరం పోతుంది. చెప్పిన తర్వాత చెరుపుదామనుకుంటే, ఆ మాట వినేలోపు లైను తెగితే అదే ఉత్తరం రెండుసార్లు వస్తుంది. నేను చూసిన ఇబ్బందుల్లో చాలావరకు తిరిగి తిరిగి ఈ రెండింటి మధ్యకే వచ్చాయి.

మొదట మోడెమ్ సంగతి చెప్పాలి. దించుకుంటున్న ఫైలు మధ్యమధ్యలో తప్పులతో ఆగి, మళ్లీ సాగేది. జాగ్రత్తగా గమనిస్తే హార్డ్ డిస్కు దీపం వెలిగినప్పుడల్లా తప్పుల లెక్క పెరుగుతోంది. మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టులో ఉన్న చిప్ పాత 16450 రకం. అది ఒక్క బైట్‌ను మాత్రమే పట్టి ఉంచగలదు. పోర్టు వేగం 57,600 అయితే సెకనుకు 5,760 బైట్లు వస్తాయి. ప్రాసెసర్ డిస్కు పనిలో క్షణం ఆలస్యం చేసినా, తర్వాతి బైట్ వచ్చి ముందుదాని మీద పడుతుంది. 16550ఏ రకం చిప్‌లో పదహారు బైట్లు నిలవ ఉండే చోటుంది. ఆ చిప్ ఉన్న కార్డు వేయగానే తప్పులు ఆగిపోయాయి. దానితోపాటు మోడెమ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ‘ఆగు, పంపు’ సంకేతాలను విడి తీగల మీద నడిపే ఆర్‌టీఎస్, సీటీఎస్ పద్ధతికి మార్చాను. ఎక్సాన్, ఎక్సాఫ్ పద్ధతిలో ఆ సంకేతాలు కూడా 17, 19 విలువలున్న మామూలు బైట్లే. జిప్ ఫైలు లోపల ఆ విలువలు సహజంగానే ఉంటాయి కాబట్టి వాటిని సంకేతాలనుకుని పోర్టు ఆగిపోతుంది. అక్షరాలు మాత్రమే పంపుకునే కాలానికి అది చాలేది, ఈ పనికి చాలదు.

అప్పట్లో నాకున్నది యూనిక్స్ షెల్ ఖాతా, అంటే ఫోను చేసి అవతలి యూనిక్స్ యంత్రంలో ఆదేశాలు టైపు చేసే ఖాతా. ఇంట్లో డాస్ యంత్రం. వీటి మధ్య నేను ఎంచుకున్నది సూప్ అనే ప్యాకెట్ పద్ధతి. సర్వర్ వైపు యూక్యూడబ్ల్యూకే అనే ప్రోగ్రామ్ నా మెయిల్‌నూ, నేను ఎంచుకున్న గ్రూపుల్లో కొత్త పోస్టులనూ పోగుచేసి ఒక ప్యాకెట్ చేస్తుంది. దాన్ని జిప్ చేసి, ఫోను లైను మీద ఫైళ్లు పంపే జెడ్‌మోడెమ్ పద్ధతి ద్వారా ఇంటికి దించుకుంటాను. ఇంట్లో చిన్ హువాంగ్ రాసిన యార్న్ అనే రీడర్ ఆ ప్యాకెట్‌ను తన నిల్వలోకి తీసుకుంటుంది. జవాబులు రాస్తే వాటిని ఇంకో ప్యాకెట్ చేస్తుంది, దాన్ని నేను పైకి పంపాలి. ప్యాకెట్ లోపల ‘ఏరియాస్’ అనే చిన్న పట్టిక ఫైలు ఉంటుంది. ఏ సందేశాల ఫైలు ఏ గ్రూపుదో, లోపలి అమరిక ఏ రకమో అందులో ఒక్కో వరుసలో రాసి ఉంటుంది. ఆ నిర్మాణం ఎంత పొందికగా ఉందో చూసి నేను దాన్ని ఇష్టపడ్డాను. మామూలు ఎడిటర్‌తో తెరిచి ఏం జరిగిందో చదువుకోవచ్చు. చెడిపోయినప్పుడు లోపల చూడనిచ్చే సాఫ్ట్‌వేర్ మీద నాకు ఈనాటికీ గౌరవం ఎక్కువ.

మొదటి ప్యాకెట్ యార్న్‌లోకి వచ్చింది కానీ ప్రతి గ్రూపులో మొదటి పోస్టు మాత్రమే బాగుంది. రెండోది కనిపించదు, లేకపోతే ఏదో వాక్యం మధ్యలో మొదలవుతుంది. ఫైలు తెరిస్తే పోస్టులన్నీ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. ఈ అమరికలో ప్రతి పోస్టు ముందూ ‘ఆర్‌న్యూస్’ అని, దాని పక్కన పోస్టు పొడవెంతో బైట్లలో ఒక అంకె ఉంటుంది. చదివే ప్రోగ్రామ్ అన్ని బైట్లు లెక్కపెట్టి తీసుకుని, ఆ వెంటనే తర్వాతి శీర్షిక ఉంటుందని ఆశిస్తుంది. నేను మొదటి పోస్టు పొడవు కొలిచి ఆ అంకెతో పోల్చాను. తేడా వచ్చింది. ఆ తేడా సరిగ్గా పోస్టులో ఉన్న వరుసల సంఖ్యకు సమానం. అక్కడితో జవాబు దొరికింది. యూనిక్స్‌లో వరుస చివర ఒక బైట్ ఉంటుంది, డాస్‌లో రెండు. జిప్ విప్పే ప్రోగ్రామ్‌కు ఉన్న ‘అక్షరాల ఫైళ్ల వరుస చివరలు మార్చు’ అనే సదుపాయం విప్పేటప్పుడే ప్రతి వరుసకూ ఒక బైట్ కలిపింది. నలభై వరుసల పోస్టు నలభై బైట్లు పెరిగింది, పక్కన రాసిన అంకె మాత్రం పాతదే. ఆ సదుపాయం తీసేస్తే అన్నీ కుదురుకున్నాయి.

మెయిల్ వైపు దీనికి సరిగ్గా ఎదురు తెగులు వచ్చింది. యూనిక్స్ మెయిల్‌బాక్సులో పొడవు అంకె ఉండదు. ‘ఫ్రమ్’ అన్న మాటతో, దాని వెంట ఒక ఖాళీతో మొదలయ్యే వరుస కనిపిస్తే కొత్త ఉత్తరం మొదలైనట్టు. ఎవరో తమ ఉత్తరంలో ఒక పేరాను ఆ మాటతో మొదలుపెడితే, అక్కడ ఉత్తరం రెండుగా తెగి, రెండో ముక్కకు పంపినవారి పేరు లేకుండా వస్తుంది. అందుకే బుద్ధి ఉన్న ప్రోగ్రామ్‌లు అలాంటి వరుస ముందు ఒక బాణం గుర్తు పెడతాయి. పొడవు రాసిపెట్టుకునే పద్ధతి, దారిలో ఎవరైనా ఒక్క బైట్ మార్చినా చెడుతుంది. గుర్తు పెట్టుకునే పద్ధతి, ఆ గుర్తు విషయంలోనే దొర్లితే చెడుతుంది. సూప్‌లో ప్రతి సందేశం ముందు నాలుగు బైట్లలో పొడవు ఉండే బైనరీ రకం కూడా ఉంది. దాన్ని అక్షరాల ఫైలుగా ఎవరూ పొరబడరు కాబట్టి వరుస చివరలను ముట్టుకోరు. మెయిల్‌కూ న్యూస్‌కూ అదే ఎంచుకున్నాను.

వీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టినది వేరే ఉంది. ప్యాకెట్ తయారైన మరుక్షణం సర్వర్‌లోని ప్రోగ్రామ్ మెయిల్‌బాక్సును ఖాళీ చేస్తుంది, ఏ గ్రూపులో ఎక్కడిదాకా చదివామో రాసే న్యూస్‌ఆర్‌సీ ఫైలును ముందుకు జరుపుతుంది. ప్యాకెట్ ఇంకా ఇంటికి చేరలేదు. దించుకునే లోపల లైను తెగి, సర్వర్‌లో తాత్కాలిక ఫైళ్లు శుభ్రమైపోతే, ఆ ఉత్తరాలు ఎక్కడా ఉండవు. చేతులు మారకముందే చెరిపేసినట్టన్నమాట. దీనికి ఆ ప్రోగ్రామ్‌లోనే చదవడానికి మాత్రమే పరిమితమయ్యే రీతి ఒకటి ఉంది. అందులో మెయిల్‌బాక్సునూ న్యూస్‌ఆర్‌సీనీ ముట్టుకోదు. న్యూస్ విషయంలో నేను ఇంకో మార్గం పట్టాను. ప్యాకెట్ చేసేముందు న్యూస్‌ఆర్‌సీకి ఒక నకలు తీసి ఉంచి, జెడ్‌మోడెమ్ పంపకం పూర్తయినట్టు తేలితేనే ఆ నకలు తీసేసి, లేకపోతే దాన్నే తిరిగి స్థానంలో పెట్టే చిన్న స్క్రిప్టు రాశాను. పంపే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె సున్నా అయితే సాఫీగా జరిగినట్టు. ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఇంత భద్రత వస్తుంది, కానీ చాలామంది స్క్రిప్టుల్లో దాన్ని చూడనే చూడరు. జెడ్‌మోడెమ్‌లో ఇంకో వరం ఏమిటంటే, తెగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టగలదు. అయితే అవతల అదే ఫైలు ఇంకా ఉండాలి. అందుకని ప్యాకెట్‌ను తాత్కాలిక డైరెక్టరీలో కాకుండా నా సొంత డైరెక్టరీలో చేయించాను.

కొంతకాలానికి షెల్ ఖాతా పోయి, మన యంత్రాన్నే ఫోను లైను మీద నేరుగా ఇంటర్నెట్‌లో కలిపే పీపీపీ ఖాతా వచ్చింది. సర్వర్ వైపు మన ప్రోగ్రామ్ నడపడం ఇక కుదరదు. అప్పుడు లినక్స్‌కు మారాను. ఈసారి ఒక్క రీడర్ కాదు, ఒక వరుసే నిలబెట్టాలి. లైను కలపడానికి పీపీపీడీ, మెయిల్ తేవడానికి ఎరిక్ రేమండ్ ఫెచ్‌మెయిల్, పంపడానికి సెండ్‌మెయిల్, న్యూస్ తెచ్చి ఇంట్లోనే చిన్న సర్వర్‌గా నిలవడానికి ఆర్న్ట్ గుల్‌బ్రాండ్సెన్ మొదలుపెట్టిన లీఫ్‌నోడ్, చదవడానికి జాన్ డేవిస్ రాసిన ఎస్ఎల్ఆర్ఎన్. ఒక్కొక్కటీ తన పని తాను చేస్తుంది. అవి కలిసే అతుకుల్లోనే పనంతా ఉంది.

పీపీపీ గురించి ఎక్కువ చెప్పను. లాగిన్ స్క్రిప్టులో ‘లాగిన్’ అనే మాటకు మొదటి అక్షరం వదిలేసి మిగతాదానికోసం ఎదురుచూడమని ఎందుకు రాస్తారో అప్పుడు అర్థమైంది. ఆ అక్షరం ఒక్కో సర్వర్‌లో పెద్దదిగా, ఒక్కో సర్వర్‌లో చిన్నదిగా ఉంటుంది. ‘సీరియల్ లైను తిరిగి మనకే వినిపిస్తోంది’ అన్న అర్థం వచ్చే సందేశం లాగ్‌లో కనిపిస్తే, అవతల పీపీపీ ఇంకా మొదలు కాలేదని, మనం పంపినదాన్నే తిరిగి చూపిస్తోందని భావం. లాగిన్ తర్వాత ఇంకో ఆదేశం పంపితే సరిపోయింది.

లీఫ్‌నోడ్ నాకు బాగా నచ్చిన ప్రోగ్రామ్. ఏ గ్రూపులు తేవాలో ముందుగా పట్టిక రాయనక్కరలేదు. రీడర్‌లో ఒక గ్రూపు తెరిస్తే, నిజమైన పోస్టులకు బదులు ‘ఈ గ్రూపు తెస్తాను’ అని చెప్పే పోస్టు ఒక్కటే ఉంటుంది. మనం దాన్ని తెరిచామన్న సంగతి గుర్తుపెట్టుకుని, తర్వాత లైను కలిసినప్పుడు లీఫ్‌నోడ్‌లోని ఫెచ్‌న్యూస్ అసలు పోస్టులు తెస్తుంది. ఒక వారం ఎవరూ చదవకపోతే ఆ గ్రూపు తేవడం తనంతట తానే మానేస్తుంది. ఇది తెలియనివారు మొదటి రోజు ఆ ఒక్క పోస్టు చూసి ప్రోగ్రామ్ పనిచేయడం లేదనుకుంటారు.

నాకు వచ్చిన చిక్కు వేరు. ఫెచ్‌న్యూస్ లాగ్ చూస్తే పోస్టులు వచ్చాయి. డైరెక్టరీలో ఫైళ్లున్నాయి. రీడర్‌లో మాత్రం గ్రూపు ఖాళీ. పాత సర్వర్‌ను చదివిన కాలం నాటి న్యూస్‌ఆర్‌సీని అలాగే వాడుతుండటం దీనికి మూలం. అందులో ఒక గ్రూపు ఎదుట ఒకటి నుంచి నలభై వేల దాకా చదివేసినట్టు ఉంది. ఆ సంఖ్యలు పాత సర్వర్ ఇచ్చినవి. లీఫ్‌నోడ్ తన దగ్గరికి వచ్చిన పోస్టులకు ఒకటి నుంచి సొంత సంఖ్యలు వేసుకుంటుంది. కాబట్టి కొత్తగా వచ్చినవన్నీ రీడర్ కంటికి ఎప్పుడో చదివినవే. సంఖ్యలు తుడిచి గ్రూపు పేర్లు మాత్రం ఉంచితే అన్నీ కనిపించాయి. ఇదే వ్యవహారం ఇంకో మెట్టు పైన కూడా జరుగుతుంది. అవతలి సర్వర్‌లో ఏ సంఖ్య దాకా తెచ్చామో లీఫ్‌నోడ్ ఒక ఫైలులో రాసుకుంటుంది. వాళ్లు సర్వర్‌ను కొత్తగా కట్టి సంఖ్యలు మొదటి నుంచి మొదలుపెడితే, కొత్త పోస్టులున్నా తేవడానికేమీ లేదనుకుంటుంది. పోస్టు సంఖ్య ఒక సర్వర్ గోడల మధ్య మాత్రమే చెల్లుతుంది. లోకమంతటా చెల్లేది, ప్రతి పోస్టుకూ ఉత్తరానికీ విడిగా ఉండే గుర్తు అయిన మెసేజ్ ఐడీ ఒక్కటే.

అందుకే ఆ ఐడీ ఎలా పుడుతుందో పట్టించుకోవాలి. మన యంత్రమే దాన్ని తయారుచేస్తే, చివర యంత్రం పూర్తి పేరు డొమైన్‌తో సహా ఉంటుంది. లినక్స్ ఎక్కించగానే యంత్రం పేరు తరచూ ‘లోకల్‌హోస్ట్’ అని ఉంటుంది. ఆ పేరే ఉన్న యంత్రాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. రెండు యంత్రాలు ఒకే ఐడీ తయారుచేస్తే, రెండోవారి పోస్టును దారిలోని సర్వర్లన్నీ ‘ఇది ముందే వచ్చింది’ అని వదిలేస్తాయి. రాసినవారికి ఏ సమాచారమూ రాదు. లీఫ్‌నోడ్ సరైన పూర్తి పేరు లేదని ఫిర్యాదు చేసినప్పుడు, దాన్ని నోరు మూయించే సెట్టింగుల కోసం వెతకకుండా, ఇంకెవరికీ లేని ఒక పేరు యంత్రానికి కుదుర్చుకోవడం మంచిది. నేను ఆ పనే చేశాను.

ఇంకోరోజు ఫెచ్‌న్యూస్ ‘డిస్కులో చోటు లేదు’ అంటూ ఆగిపోయింది. చూస్తే సగం డిస్కు ఖాళీగా ఉంది. ఖాళీ బైట్లు కాకుండా ఖాళీ ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే చోట్లు) చూపించమని అడిగితే నూటికి నూరు శాతం నిండిపోయాయని తేలింది. లీఫ్‌నోడ్ ప్రతి పోస్టునూ విడి ఫైలుగా ఉంచుతుంది. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. లినక్స్ డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ తయారుచేసేటప్పుడు, మామూలుగా ప్రతి 4,096 బైట్లకు ఒక ఐనోడ్ చొప్పున కేటాయించేవారు. పోస్టులు సగటున అందులో సగం ఉంటే, చోటు కంటే ముందు ఐనోడ్‌లే అయిపోతాయి. న్యూస్ కోసం డిస్కులో విడిగా ఒక భాగం (పార్టిషన్) తీసి, 1,024 బైట్లకు ఒకటి చొప్పున ఐనోడ్‌లు పెట్టి కొత్తగా తయారుచేశాను. లీఫ్‌నోడ్ ఒకే పోస్టును గ్రూపు డైరెక్టరీలోనూ, మెసేజ్ ఐడీ డైరెక్టరీలోనూ హార్డ్ లింకులుగా, అంటే ఒకే ఫైలుకు వేర్వేరు పేర్లుగా, ఉంచుతుంది. కాబట్టి నాలుగు గ్రూపుల్లో పడిన పోస్టుకు కూడా ఒకే ఐనోడ్ పడుతుంది. ఆ రెండు డైరెక్టరీలనూ వేర్వేరు పార్టిషన్లలో పెట్టడం మాత్రం కుదరదు, హార్డ్ లింకు పార్టిషన్ దాటదు.

సెండ్‌మెయిల్ ఓపికకు పరీక్ష పెట్టింది. లైను లేనప్పుడు ఉత్తరం రాసి పంపితే, చాలాసేపు కదలకుండా నిలబడిపోయేది. చిరునామాలోని డొమైన్ ఎక్కడుందో, యంత్రాల పేర్లకు నెట్‌వర్క్ చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌ను అడగబోతుంది, జవాబు రాదు, గడువు ముగిసేదాకా ఎదురుచూస్తుంది. అవసరమైనప్పుడు తనంతట తానే ఫోను చేసే డయల్‌డీని పెట్టిన తర్వాత ఇది ఖర్చుగా మారింది. ఎవరూ ఏమీ చేయకపోయినా మోడెమ్ డయల్ చేయడం మొదలుపెట్టేది. లైను మీద ఏం వెళ్తోందో చూపే టీసీపీడంప్ పెట్టి చూస్తే, ప్రతిసారీ ముందుగా కదిలేది 53వ పోర్టుకు వెళ్లే ఒక చిన్న డీఎన్ఎస్ ప్రశ్న. అడుగుతున్నది సెండ్‌మెయిల్. క్యూలో ఉన్నవాటిని నిర్ణీత వ్యవధికోసారి పంపబోతుంది కాబట్టి ఆ డయలింగ్ కూడా గడియారం ప్రకారం జరుగుతోంది. బయటి మెయిల్ మొత్తాన్ని సర్వీసు ఇచ్చేవారి సర్వర్‌కే అప్పగించమని చెప్పాను. ఆ పేరును చదరపు బ్రాకెట్లలో రాస్తే దానికి ఎమ్ఎక్స్ రికార్డు (ఆ పేరుకు వచ్చే మెయిల్‌ను ఏ యంత్రం అందుకుంటుందో చెప్పే డీఎన్ఎస్ నమోదు) వెతకదు. పేర్లను పూర్తిచేసే వెతుకులాటను ఆపించాను. బయటి దారిని ‘ఖరీదైనది’గా గుర్తించి, చెప్పేదాకా క్యూలోనే ఉంచమన్నాను. వ్యవధికోసారి క్యూ చూసే అలవాటు తీసేశాను. అప్పుడు గది నిశ్శబ్దమైంది.

క్యూ కదలాల్సింది లైను కలిసినప్పుడే. పీపీపీ కలవగానే పీపీపీడీ ‘ఐపీ-అప్’ అనే స్క్రిప్టును నడుపుతుంది. అందులో పంపకం, మెయిల్ తేవడం, న్యూస్ తేవడం వరుసగా రాశాను. చేత్తో నడిపితే చక్కగా నడిచే ఆ స్క్రిప్టు, లైను కలిసినప్పుడు మాత్రం ఏమీ చేయలేదు. పీపీపీడీ దాన్ని దాదాపు ఖాళీ పరిసరాల్లో నడుపుతుంది. ప్రోగ్రామ్‌లు ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ కూడా ఉండదు. ప్రతి ఆదేశానికీ పూర్తి దారి రాయాలి. దాని సందేశాలు ఏ తెర మీదా పడవు కాబట్టి అన్నిటినీ ఒక లాగ్ ఫైలులోకి మళ్లించాలి. ఈ లాగ్ ముందే పెట్టుకుంటే కారణం మొదటి సాయంత్రమే తెలిసిపోతుంది. వరుసలో పంపకాన్నే ముందు పెట్టాను. లైను ఎప్పుడైనా తెగవచ్చు. తేవలసినవి సర్వర్‌లో భద్రంగా ఉంటాయి, నా జవాబు కోసం ఎదురుచూసేవారికి మాత్రం ఇంకో పూట ఆలస్యం కాకూడదు.

ఫెచ్‌మెయిల్ దగ్గర మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాను. అది తెచ్చిన ఉత్తరాన్ని తానే ఫైలులో రాయదు. నా యంత్రంలోనే 25వ పోర్టులో ఉన్న సెండ్‌మెయిల్‌కు అప్పగిస్తుంది. సెండ్‌మెయిల్ ‘అందింది’ అని 250 అంకె ఇచ్చిన తర్వాతే అవతలి సర్వర్‌కు చెరపమని చెబుతుంది. నా డిస్కు నిండిపోయి సెండ్‌మెయిల్ కాదంటే ఉత్తరం అక్కడే ఉండిపోతుంది. ఇది బాగా ఆలోచించి చేసిన ఏర్పాటు. అవతలి సర్వర్ మెయిల్ అందించే పాప్3 పద్ధతి కూడా అంతే జాగ్రత్తగా ఉంటుంది. చెరపమని చెప్పినవాటిని అది వెంటనే చెరపదు, గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. మనం మర్యాదగా సెలవు తీసుకునే ‘క్విట్’ ఆదేశం ఇస్తేనే నిజంగా చెరుపుతుంది. మధ్యలో లైను తెగితే ఏదీ చెరపకూడదని 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1939 స్పష్టంగా చెబుతుంది. దాని ఫలితంగా, ఇరవై ఉత్తరాలు తెచ్చుకుని ఇరవై ఒకటోదాని మధ్యలో లైను పోతే, తర్వాతిసారి ఆ ఇరవై మళ్లీ వస్తాయి.

ఇలా రెండేసి వచ్చినప్పుడు చాలామంది ఫెచ్‌మెయిల్‌ను తిడతారు. నేను దాన్ని మెచ్చుకుంటాను. రెండుసార్లు వచ్చిన ఉత్తరాన్ని తీసేయవచ్చు, పోయినదాన్ని తేలేం. తీసేసే పని, వచ్చిన ఉత్తరాలను ఫోల్డర్లలోకి వేరుచేసే ప్రోక్‌మెయిల్‌కు అప్పగించాను. దానితో వచ్చే ఫార్‌మెయిల్, ఇటీవల చూసిన మెసేజ్ ఐడీలను 8,192 బైట్ల చిన్న ఫైలులో గుర్తుంచుకుని, అదే ఐడీ మళ్లీ వస్తే చెబుతుంది. అలాంటివాటిని నేను పారేయకుండా వేరే ఫోల్డర్‌లోకి పంపేలా పెట్టాను. ఫార్‌మెయిల్ ఐడీని గుర్తుపెట్టుకున్న తర్వాత, ఉత్తరం ఫైలులో పడకముందు కరెంటు పోతే, రెండో ప్రతే అసలు ప్రతి అవుతుంది.

అంతా కుదిరాక లైను కలిసి ఉండగా కావాలనే ఫోను తీగ పీకి చూశాను. మెయిల్ వస్తుండగా పీకితే, తర్వాతిసారి వచ్చిన రెండో ప్రతులన్నీ వేరే ఫోల్డర్‌లో పడ్డాయి. పోస్టు పంపుతుండగా పీకినప్పుడు లీఫ్‌నోడ్ దాన్ని బయటికెళ్లే డైరెక్టరీలోనే ఉంచుకుంది. మళ్లీ కలిసినప్పుడు ఆ మెసేజ్ ఐడీ అవతల ముందే ఉందని తేలింది, గ్రూపులో పోస్టు ఒక్కటే కనిపించింది. బయటికి వెళ్లే మెయిల్‌లో మాత్రం ఒక సందు మిగిలింది. ఉత్తరం ముగిసిందని చుక్క పంపాక, అవతలి 250 జవాబు మనకు చేరేలోపు లైను తెగితే, వాళ్లు అందుకున్నట్టు మనకు తెలియదు. క్యూలో ఉన్నది మళ్లీ వెళ్తుంది. క్రెయిగ్ పార్ట్రిడ్జ్ 1988లోనే ఆర్ఎఫ్‌సీ 1047లో ఈ సందు గురించే రాసి, ఉత్తరం అందుకునే సర్వర్ ఆ జవాబును ఆలస్యం చేయకుండా వెంటనే ఇవ్వాలని కోరారు. పంపేవైపు కూర్చున్న మనం చేయగలిగేది తక్కువే. నాకే నేను రాసుకున్న ఉత్తరంతో ఆ క్షణాన్ని పట్టుకునేదాకా పరీక్షించాను. రెండు ప్రతులు వచ్చాయి. క్యూ ఫైలులో మెసేజ్ ఐడీ మారదు కాబట్టి రెండింటికీ ఒకే ఐడీ ఉంది, రెండోది ఫార్‌మెయిల్ పట్టుకుంది. ఆ తర్వాత సెండ్‌మెయిల్ సెట్టింగులను ఇక మార్చలేదు.